పరదేశమార్గమున మొరాయించు మోటారుసైకిలు

గత వేసవి సెలవులకు ముందు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె గోడమీఁది ప్రపంచపటము నొద్ద నిలిచి, "మాస్టారూ, నెల్లూరునుండి వియత్నాము దేశమునకు మోటారుసైకిలుమీఁద పోవచ్చునా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. తలిదండ్రుల సమావేశమున నేనీ సంగతి చెప్పఁగా ఆమె తండ్రియు నవ్వి, "మా బండి మైపాడు చేరుటయే గగనము, మాస్టారూ! పైగా ఆఁడపిల్ల" అనెను. ఆ నవ్వులకు ప్రత్యుత్తరముగా ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ ప్రశ్న నవ్వఁదగినది కాదు. 2018వ సంవత్సరమున హైదరాబాదునుండి నలుగురు స్త్రీలు జై భారతిగారి నాయకత్వమున మోటారుసైకిళ్ళమీఁద బయలుదేరి, ఈశాన్య భారతము మీఁదుగా మయన్మారు ప్రవేశించి, థాయిలాండు, లావోసు, కంబోడియా, వియత్నాము దేశములను చూచి వచ్చిరి. వారు సాగించిన దూరము సుమారు 17,000 కిలోమీటర్లు. వారిలో నొకరగు పియా బహదూరుగారు ఆ యాత్రనుగూర్చి గ్రంథమును వ్రాసిరి. 2021 ఫిబ్రవరిలో మయన్మారున సైన్యము ప్రభుత్వమును హస్తగతము చేసికొనిన పిమ్మట ఆ దేశమున పోరు చెలరేఁగినది గనుక, ఆనాఁటి దారి నేఁడు క్షేమకరము కాదు. దారులు తెరచుకొనును, మూసికొనును. అయినను తెలుఁగునాటి స్త్రీలు పోయి వచ్చిరను మాట మాత్రము చెరగదు.

అయితే తండ్రిగారి మాటలోను సత్యము లేకపోలేదు. బండి చెడినచో ఏమి గతి? 1934 డిసెంబరులో థెరెసా వాలక్, ఫ్లోరెన్సు బ్లెంకిరన్ అను ఇరువురు ఆంగ్ల యువతులు పాంథర్ మోటారుసైకిలునకు ప్రక్కబండిని, వెనుకబండిని తగిలించుకొని లండనునుండి బయలుదేరి, సహారా యెడారిని దాఁటి, 1935 జూలైలో కేపుటౌను చేరిరి. ఎడారిలో యంత్రము చెడిపోఁగా అగదెజ్ పట్టణమున దానిని బాగుచేసికొని తిరిగి సాగిరి. వాలక్ యంత్రశాస్త్రము చదివిన స్త్రీ యగుట వారికి రక్షణ మాయెను. ఆమె వృద్ధాప్యమున అమెరికాలో మోటారుసైకిలు నడుపుట నేర్పు పాఠశాలను నెలకొల్పెను. ఇందుకు భిన్నముగా, 1952లో దక్షిణ అమెరికాలో సంచరించిన గెవారా, గ్రనాదో అను మిత్రులు తమ పాత నార్టన్ బండికి "బలశాలిని" అను అర్థమిచ్చు పేరు పెట్టుకొనిరి గాని, అది చిలీ దేశమున పూర్తిగా చేతులెత్తివేసెను. పేరు పెట్టినంతమాత్రమున బలము రాదు గదా!

ఇచ్చట నా సిగ్గు నేనే చెప్పుకొందును. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నేర్చినవాఁడనై, యంత్రములో పెట్రోలు మండు విధమును నల్లబల్లమీఁద నాలుగు దశలుగా బొమ్మ గీసి యేటేట బోధించుచున్నాను. ఒకనాఁడు సముద్రపుదారిలో నా బండి నిలిచిపోఁగా, నా బొమ్మలు నాకు సాయపడలేదు. మిట్టమధ్యాహ్నమున రెండు మైళ్ళు నెట్టుకొని పోతిని. పంక్చరు షెడ్డులోని యువకుఁడు ప్లగ్గు విప్పి, మసి తుడిచి, అయిదు నిమిషములలో బండిని నడిపించెను. అతఁడు పదవ తరగతి దాఁటినవాఁడు కాఁడు. ఆ దినమున గురువెవరో, శిష్యుఁడెవరో నాకు తేటపడెను.

మన తీరమున ఉప్పుగాలి చైనును, క్లచ్చి వైరును తుప్పు పట్టించును. నేపాళపు కొండదారులలో గాలి పలుచనగుటచే కార్బురేటరు గల పాత బండికి పెట్రోలు పాలు హెచ్చి, ప్లగ్గు మసిబారి, బండి దగ్గుచు నిలిచిపోవును. ఇవి రెండును పుస్తకములోని రసాయన, భౌతిక శాస్త్రములే. అవి చేతికి నూనె అంటిననాఁడు గాని మనస్సునకు అంటవు. సరిహద్దు దాఁటుటకును విద్య కావలయును. నేపాళమునకు మన వాహనముతో పోవువారు "భంసార్" అను సుంకపత్రమును దినముల లెక్కను తీసికొనవలెను. అనేక దేశములలో నడుపుటకు మన రవాణా కార్యాలయమిచ్చు అంతర్జాతీయ అనుమతిపత్రము కావలెను.

నేఁటి బండ్లలో చిన్న కంప్యూటరులున్నవి, చేతితో బాగుచేయు కాలము గతించినదని కొందరందురు. ఇది సగము నిజము. టైరు, చైను, బ్రేకు, వైరులు నేఁటికిని చేతిపనికే లొంగును. బాలురకు యంత్రముపై మోజు కలిగించుట అపాయమని మరికొందరందురు. వారి భయము న్యాయమైనది. పదునెనిమిది యేండ్లు నిండనివారికి గేర్లుగల మోటారుసైకిలు తగదు. 2019నాఁటి చట్టసవరణ ననుసరించి, మైనరు నేరము చేసినచో తలిదండ్రులకు 25,000 రూపాయల జరిమానాయు, మూఁడేండ్లవరకు శిక్షయు పడవచ్చును. కాని బండి విప్పి చూచినవాఁడు బ్రేకు అరిగిన బండిని పరుగెత్తించుటకు జంకును. దుడుకుతనము అజ్ఞానమునకు బిడ్డ.

ఇంకొక పాఠము కలదు. పౌలు అపొస్తలుఁడు ఎక్కిన ఓడ పగిలి మెలితే ద్వీపము చేరినపుడు, అచ్చటివారు అతని భాష నెఱుఁగకయే వానకును చలికిని నిప్పు రాజవేసి ఆదరించిరి. ప్రయాణసాధనము చెడినచోటనే పొరుగువాని ముఖము కనఁబడును. కలకత్తానుండి చెన్నపట్టణమునకు పోవు 16వ నంబరు జాతీయ రహదారి కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేటల మీఁదుగానే సాగుచున్నది. దానిమీఁద ఏ పరదేశి బండియో నిలిచినపుడు, మనమే మెలితే ద్వీపవాసులము. అప్పుడు ఫోనుతో చిత్రము తీయుదుమా, స్పానరు అందింతుమా?

కావున పాఠశాల పెద్దలకు నా మనవి యిది. ప్రతి శనివారము ఒక గంట కేటాయించి, పాత యంత్రము నొకదానిని షెడ్డులో నుంచి, ఊరి మెకానిక్కును గౌరవముతో పిలిచి, బాలురకును బాలికలకును సమముగా ఆ పని నేర్పింపవలెను. ఖర్చు స్వల్పము. మొదటి శిష్యుఁడనుగా నా పేరు వ్రాసికొనుఁడు. రెండవ పేరు ఆ బాలికదై యుండవలెను. ఆమె వియత్నాము చేరునో లేదో దైవమెఱుఁగును. తండ్రి బండిని మైపాడు చేర్చఁగలిగినచో అదియు మంచి యాత్రయే.