ఎలక్ట్రిక్ బండి కొనే ముందు మీ కరెంటు మీటరు చూసుకోండి

ఈ మధ్య ఏ ఊరికి వెళ్లినా పంట సలహాలతో పాటు "సార్, ఎలక్ట్రిక్ బండి కొనమంటారా?" అనే ప్రశ్న కూడా వస్తోంది. పెట్రోలు ఖర్చు కూడా సాగు ఖర్చులో భాగమే కాబట్టి ఈ లెక్క చెప్పడం నా పనే అనుకుంటున్నాను.

బండి మంచిదా కాదా అన్నది తర్వాత. ముందు మీరు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో చూడండి. పెట్రోలు లీటరు 108 రూపాయలు, బండి మైలేజీ 50 అనుకుందాం. పాలు పోసేవారు, కూరగాయలు అమ్మేవారు రోజుకు 50 కిలోమీటర్లు తిరిగితే నెలకు 30 లీటర్లు, అంటే 3,240 రూపాయలు. అదే దూరానికి ఎలక్ట్రిక్ బండికి సుమారు 60 యూనిట్లు పడుతుంది. యూనిట్‌కు 6 రూపాయలు వేసుకున్నా 360. బండికి పెట్రోలు బండి కన్నా 30 వేలు ఎక్కువ పెట్టినా ఏడాదిలోపే తిరిగి వస్తుంది. ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి ఇంటికి రోజుకు 10 కిలోమీటర్లే తిరిగే రైతుకు నెలకు మిగిలేది 580 రూపాయల లోపే. ఆ 30 వేలు రావడానికి నాలుగేళ్లు దాటుతుంది. అప్పు చేసి కొంటే వడ్డీ అదనం.

తెలంగాణ రైతులు ఇంకొకటి చూసుకోవాలి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు సున్నా. దాటితే మొత్తం యూనిట్లకూ కట్టాలి. ఎండాకాలంలో ఫ్యాను, కూలరు వేసి 190 యూనిట్లు కాల్చే ఇంట్లో బండికి మరో 12 యూనిట్లు కలిస్తే వెయ్యి రూపాయలకు పైగా బిల్లు వస్తుంది. పెట్రోలులో మిగిలిన 580 పోగా పైన మనమే పెట్టుకోవాలి. గత ఏడాది ఏప్రిల్, మే బిల్లులు తీసి చూసుకోకుండా షోరూముకు వెళ్లకండి. ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులున్నాయి కాబట్టి, పై శ్లాబులోకి వెళితే యూనిట్ ఎంత పడుతుందో మీ బిల్లు వెనక చూసుకోండి.

వ్యవసాయ కనెక్షన్ నుంచి వైరు లాగి చార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతున్నారు. వద్దు. ఉచిత కరెంటు పంపుసెట్టుకే. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్‌తో వసూలు చేస్తారు. ఇంట్లో ఉన్న గృహ కనెక్షన్‌తో చార్జింగ్ పెట్టుకోవడానికి మాత్రం అభ్యంతరం లేదు.

ఇక రాయితీల సంగతి. 2021 జూన్ నుంచి రెండేళ్ల పాటు ఫేమ్-2 పథకంలో ద్విచక్ర వాహనానికి ఒక్కో కిలోవాట్ అవర్ బ్యాటరీకి 15,000 రూపాయలు ఇచ్చారు. 2023 జూన్‌లో అది 10,000 అయింది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్‌లో 5,000, మరుసటి ఆర్థిక సంవత్సరం 2,500. పెద్ద రాయితీ ఉన్న రోజుల్లో షోరూములు, మెకానిక్‌లు ఉన్నది పట్టణాల్లో. మన మండలాలకు బండ్లు వచ్చేసరికి రాయితీ కరిగిపోయింది. దీనికి తోడు 2025 సెప్టెంబరులో 350 సీసీ లోపు పెట్రోలు బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండికి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. అదొక్కటే నిజంగా ఊరికీ పట్నానికీ సమానంగా అందుతున్న మేలు. అయితే అది కూడా కొనగలిగిన వారికే. సొంత మీటరు లేక, భూమి కాగితం లేక బ్యాంకు గడప తొక్కలేని కౌలు రైతుకు దానితో ఏం పని?

కొనాలనే నిర్ణయించుకుంటే, కంపెనీ చెప్పే మైలేజీని నమ్మకండి. 45 కిలోల యూరియా బస్తా వేసుకుని గతుకుల బాటలో పోతే అంత రాదు. సర్వీసు సెంటరు మీ ఊరికి ఎంత దూరమో, బ్యాటరీ వారంటీ ఎన్ని కిలోమీటర్లకో బిల్లు మీద రాయించుకోండి. లైసెన్సు అక్కర్లేదని అమ్మేవి గంటకు 25 కిలోమీటర్లు, మోటారు 250 వాట్లు దాటకూడదు. దాటితే లైసెన్సు, రిజిస్ట్రేషన్ తప్పవు.

ఇంట్లో ఎర్తింగ్ సరిగా వేయించండి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీలు పేలి ఇద్దరు చనిపోయారు. నిద్రపోయే గదిలో ఎప్పుడూ చార్జింగ్ పెట్టకండి.

పీఎం ఈ-డ్రైవ్‌లో చార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్లు పెట్టారు. వాటి గురి ఎక్కువగా నగరాలు, రహదారుల మీదే. మనకు అంత పెద్దవి అక్కర్లేదు. పాల కేంద్రం దగ్గరో పంచాయతీ ఆఫీసు దగ్గరో ప్రత్యేక మీటరుతో నాలుగు 15 ఆంపియర్ల ప్లగ్గులు పెట్టిస్తే, ఇంట్లో 200 యూనిట్లు దాటుతాయన్న భయం ఉన్నవారికీ, సొంత మీటరు లేనివారికీ పనికొస్తాయి. వాడుకున్నవారు యూనిట్ లెక్కన కడతారు. వచ్చే గ్రామసభలో ఈ మాట ఎత్తి తీర్మానం రాయించండి.