మన సైట్ల ఏమున్నదిరా దోచుకోనీకి?

పోయిన నెల కాజీపేట వెళ్ళినప్పుడు మా మేనమామతో పెద్ద గొడవే అయ్యింది. ఆయన అక్కడ రైల్వే పరీక్షలకి కోచింగ్ సెంటర్ నడుపుతాడు. గూగుల్లో ఆ సెంటర్ పేరు వెతికితే కింద వరసగా బెట్టింగ్ పేజీలు వస్తున్నాయి.

"నా ఫోన్ల మంచిగనే వస్తున్నది గదరా" అని సైట్ తెరిచి చూపించాడు. నిజమే, శుభ్రంగా ఉంది. మోసమంతా అక్కడే ఉంది. వచ్చింది గూగుల్ రోబో అయితే ఒక పేజీ, గూగుల్ నుంచి వచ్చిన మనిషయితే జూదం సైట్, నేరుగా అడ్రస్ కొట్టే యజమానికి మాత్రం ఎప్పటి పేజీయే. అందుకే సొంతదారుకి నెలల తరబడి తెలియదు.

అప్పుడు అన్నాడు ఆ మాట: "అయినా మన సైట్ల ఏమున్నదిరా దోచుకోనీకి? నాలుగు ఫోటోలు, ఒక ఫోన్ నంబరు."

ఈ మాట నేను కనీసం పదిమంది దగ్గర విన్నాను, అందులో మన ఐటీ వాళ్ళూ ఉన్నారు. ఇది శుద్ధ తప్పు. ఎందుకో చెప్తాను.

ఒకటి, మీ సైట్‌ని ఎవడో కూర్చుని ఎంచుకోడు. 2013లో వచ్చిన జీమ్యాప్ అనే పరికరంతో, ఒకే ఒక్క కంప్యూటర్ నుంచి, మొత్తం ఐపీవీ4 అడ్రసులన్నిటినీ 45 నిముషాల్లో తట్టి రావచ్చని చూపించారు. వాడు తలుపులన్నీ తోసుకుంటూ పోతాడు, తెరుచుకున్న దాంట్లోకి దూరతాడు. ఇంట్లో బంగారం ఉందా లేదా అన్నది తరవాతి సంగతి. వాడికి మీ బంగారం కన్నా మీ చిరునామాకున్న మంచిపేరు ఎక్కువ పనికొస్తుంది. 2025 నవంబరులో తెలంగాణ హైకోర్టు సైట్లో ఆర్డర్ కాపీ కోసం నొక్కితే గేమింగ్ సైట్‌కి పోయింది. హైకోర్టునే వదలనివాడు కాజీపేట కోచింగ్ సెంటర్ని వదుల్తాడా?

రెండు, దోచుకోడానికి ఏమీ లేదన్నది అబద్ధం. సర్వర్లోకి వెళ్ళి చూస్తే అప్లోడ్స్ ఫోల్డర్లో నాలుగేళ్ళ నుంచి చేరిన పిల్లల ఆధార్ కాపీలు, టెన్త్ మెమోలు, ఫోన్ నంబర్లు. లింకు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు. ఆ ఆధార్ మామది కాదు, ఆ పిల్లలది. పోతే నష్టపోయేది వాళ్ళు. "నా సైట్, నా ఇష్టం" అన్న వాదన ఇక్కడే చచ్చిపోతుంది.

ఇప్పుడు అసలు సిగ్గుపడాల్సిన విషయం. ఆ సైట్ చేసిపెట్టింది నేనే :( ఒక శని, ఆదివారాల్లో వర్డ్‌ప్రెస్ వేసి, ఎక్కడిదో ఒక ఉచిత ఫారం ప్లగిన్ తగిలించి, "అయిపోయింది మామా" అని బెంగళూరు బస్సెక్కాను. మళ్ళీ ముట్టుకోలేదు. ఆఫీసులో కోడ్ రివ్యూ లేకుండా ఒక్క లైను పంపని మనం, చుట్టాలకి మాత్రం తాళం లేని ఇల్లు కట్టిచ్చి వస్తున్నాం. మనలో ఎంతమంది చేతుల మీద ఇలాంటివి ఉన్నాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

"పెద్ద సంస్థలకే దిక్కులేదు, మనమెంత" అంటారు. 2019 ఏప్రిల్ చివర్లో రెండు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల సైట్లని రాన్సమ్‌వేర్ పడగొట్టింది. మన హన్మకొండ ఎన్‌పీడీసీఎల్ కూడా అందులో ఉంది. కానీ డేటాకి బ్యాకప్ ఉందని అధికారులు అప్పుడే చెప్పారు. నేర్చుకోవాల్సింది అదీ. 2017 మేలో వన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనీ తాకింది. దానికి ప్యాచ్ మార్చిలోనే వచ్చింది! రెండు నెలలు ఎవరూ వేసుకోలేదు, అంతే. ఇదంతా మేధావుల యుద్ధం కాదండీ, బద్ధకం సంగతి.

ఖర్చంటారా? అప్‌డేట్లు ఉచితం. వాడని ప్లగిన్ తీసెయ్యడం ఉచితం. లాగిన్‌కి రెండో తాళం ఉచితం. బ్యాకప్ అదే సర్వర్లో కాకుండా వేరేచోట పెట్టి, ఏడాదికి రెండుసార్లు దాన్నుంచి నిజంగా సైట్ లేస్తుందో లేదో చూడాలి. అన్నిటికన్నా చవకైన రక్షణ ఇంకోటుంది: అక్కర్లేని ఆధార్ అసలు అడక్కండి, పనైపోయాక చెరిపెయ్యండి. లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు. ఇవన్నీ నెలకి ఒక గంట పని.

చట్టం కూడా వచ్చింది. 2023 నాటి డేటా రక్షణ చట్టంలో, సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని రాసి ఉంది. 2025 నవంబరులో నియమాలు నోటిఫై చేసి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. కానీ నాకు జరిమానా కన్నా ఆ ఫోల్డరే ఎక్కువ భయం వేసింది.

ఆ రాత్రి సైట్ ఆపేసి, ఫైళ్ళు తీసేసి, కొత్తగా మొదలుపెట్టాం. పిల్లలకి ఈ సంగతి చెప్పాలన్నాను. "చెప్తే పేరు పోతదిరా" అన్నాడు మామ. రేపు ఏ పిల్లాడి పేరుమీదో ఎవడో సిమ్ముతీస్తే అప్పుడు పేరు ఉంటుందా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. పొద్దున్నే టీ తాగి, పాత రిజిస్టరు ముందేసుకుని మొదటి నంబరుకి ఫోన్ కొట్టాడు.

రెండో రిజిస్టరు నేను తీసుకున్నాను.