కడలి క్రింది వాలు

గోదావరీ కృష్ణలు వేల సంవత్సరములుగా మోసికొని వచ్చిన ఒండ్రు డెల్టాతో ముగియలేదు. తీరమును దాటి, బంగాళాఖాతపు అగాధమునకు దిగు వాలుపై నది మేటలు వేసియున్నది. మనము పంటలు పండించుకొను నేలకును, ఆ కడలి క్రింది వాలునకును మన్నొక్కటే. ఆ మన్నెంత స్థిరముగా నున్నదను ప్రశ్నను శాస్త్రజ్ఞులకే విడిచి ప్రజలు నిశ్చింతగా నుండరాదు.

వాలు నిటారుగా నున్నప్పుడే జారునని పలువురు తలంతురు. ఒకటి రెండు డిగ్రీల వాలుననే సముద్రపు మన్ను విరిగి జారిన నిదర్శనములు కలవు. మెత్తని బురదపై మఱింత బురద వేగముగా పేరుకొన్నచో నడుమ చిక్కిన నీరు వెలికి పోజాలదు. పైబరువులో కొంత ఆ నీటిపై బడును. రేణువుల పట్టు సడలును. అట్టి యెడ భూకంపము కుదిపినచో వాలు నిలువదు. వరద తీసిన పిదప నానిన యేటిగట్టు విరిగిపడుటను చూచిన రైతునకు ఈ సంగతి క్రొత్త గాదు.

1929 నవంబరు 18వ తేదీన న్యూఫౌండ్‌లాండునకు దక్షిణమున, గ్రాండ్ బ్యాంక్స్ అంచున, 7.2 పరిమాణపు భూకంపము కలిగెను. వాలు విరిగి బురదప్రవాహమై పరుగిడి, అట్లాంటికు అడుగున నున్న 12 తంతులను తెంచెను. లేచిన కెరటములు బ్యూరిన్ ద్వీపకల్పమున 28 మందిని బలిగొనెను. కడలి క్రింది జారుడు ఒడ్డుననున్న గుడిసెలను సైతము విడువదనుట కింతకంటె సాక్ష్యమేల?

నార్వేవారి నడత గమనింపదగినది. సుమారు 8,200 సంవత్సరముల క్రిందట వారి తీరమున స్టోరెగ్గాయను చోట దాదాపు 3,000 ఘనకిలోమీటర్ల మన్ను జారినది. ఆ గండిలోనే 1997లో ఓర్మెన్ లాంగె వాయుక్షేత్రము కనబడెను. వారు వెంటనే వాయువు తోడుకొనలేదు. వాలు మరల జారునా యని పరీక్షించిరి. మంచుయుగమున హిమానీనదములు తెచ్చిపోసిన మన్నే నాటి జారుడునకు మూలమనియు, అట్టి యుగము తిరిగి రానిదే అంతటి ముప్పు రాదనియు నిర్ణయించి, ఆ ఫలితములను లోకమునకు ప్రకటించిరి. 2007లో గాని ఉత్పత్తి ఆరంభింపలేదు.

మన తీరమున నేమి? 2006లో జాయిడెస్ రెజల్యూషన్ అను నౌక కృష్ణా గోదావరీ లోతునీట త్రవ్వి, మంచువలె గడ్డకట్టిన వాయుహైడ్రేట్లను వెలికితీసెను. ఇచ్చటి వాలుపై పూర్వము జారిన మన్నుమేటలును శాస్త్రజ్ఞుల కగపడినవి. హైడ్రేటు కరిగినచో రేణువులను బంధించిన గడ్డ నీరును వాయువును అగును. మన్ను బలము తగ్గును. వాటిని వాణిజ్యముగా తీయుట యింకను ఆరంభము కాలేదు. విచారణకిదియే అదను.

దేశమునకు ఇంధనము కావలెను; కాదనుట లేదు. అయినను అనుమతికి ముందే వాలు నంతయు కొలిచి, మన్నులోని నీటి ఒత్తిడిని పరీక్షించి, ఫలితములను తెలుగులో ప్రకటింపవలయును. సునామీ హెచ్చరికలు ప్రధానముగా భూకంపముల నాధారము చేసికొన్నవి. జారుడు ముప్పును ప్రత్యేకముగా గణింపవలయును. లాభము కంపెనీలకును, సుంకము ప్రభుత్వమునకును చేరును. కెరటము వచ్చినచో మొదట నెదుర్కొనువారు బెస్తలు. వారికి తెలియకుండ వారి ముంగిట సముద్రమును కదలించు హక్కు ఎవ్వరికిని లేదు.