దయ యొక్కటియే చాలదు

ఆపదయందు ఆదుకొన్నవాడే చుట్టము. అయితే వచ్చిన చుట్టమునకే మనము విస్తరి వేయవలసివచ్చినచో అది సాయమగునా, భారమగునా?

2010 జనవరి 12వ తేదీన హైతీ దేశమున భూకంపము సంభవించినప్పు డీ ప్రశ్న లోకమునకు ప్రత్యక్షమైనది. నానాదేశములనుండి వైద్యబృందములు తండోపతండములుగా వచ్చి దిగినవి. వారిలో నిపుణు లుండిరి. ఎందరి ప్రాణములనో నిలిపిరి. కాని అనుభవము లేనివారును, తమ యన్నపానీయములకే యితరులపై నాధారపడినవారును గలరు. పెక్కుచోట్ల కాలుసేతులు తొలగింపబడిన రోగుల చికిత్సకు లిఖితాధారము లేదు. శస్త్రము చేసినవారు మరలిపోయిన పిమ్మట గాయము చూచువారు కరవైరి.

ఈ చేదు అనుభవము పిమ్మటనే 2013లో ప్రపంచ ఆరోగ్యసంస్థ యిట్టి బృందములకు కనీస ప్రమాణములు ప్రకటించినది. మొదటి తరగతి స్థిరబృందము దినమునకు నూర్గురు రోగులను చూడగలుగవలెను. రెండవ తరగతివారు 20 పడకలతో దినమునకు 7 పెద్ద శస్త్రచికిత్సలు గాని, 15 చిన్నవి గాని చేయగలుగవలెను. మూడవ తరగతికి 40 పడకలు. ఎవరి నీరు, తిండి, విద్యుత్తు వారే తెచ్చుకొనవలెను. ఆ దేశప్రభుత్వపు ఏర్పాటునకు లోబడి పనిచేయవలెను.

క్షతగాత్రులు మూల్గుచుండగా యోగ్యతాపత్రము లడుగుట క్రూరము కాదా యని కొంద రందురు. మే మంగీకరింపము. ఆ పరీక్ష ఆపద రాకముందే జరుగవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వువాడు దయామయుడే కావచ్చును. ఇల్లు మాత్రము దక్కదు.

సేవాధర్మము మనకు క్రొత్త కాదు. 1938లో కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులు చైనాకు పోయిరి. అందు డాక్టరు కోట్నిస్ 1942లో అచ్చటనే అసువులు బాసెను. 2023 ఫిబ్రవరిలో టర్కీ భూకంపమునకు మన సైనికవైద్యులు ఇస్కెందరున్ పట్టణమున ఆసుపత్రి నెలకొల్పిరి. పరదేశమునకు పంపగల సంసిద్ధత స్వదేశమున ప్రతి తీరజిల్లాకును ఉండవలదా? 1977 నవంబరు 19న దివిసీమలో వేలాది జనులను ఉప్పెన మ్రింగినది. ఆ సంగతి యెరిగిన తీర మిది.

కావున ప్రతి తీరజిల్లాకును పేర్లు నిర్ణయింపబడి, శిక్షణ పొంది, ఏటేట పరీక్షింపబడు వైద్యబృందముండవలెను. డేరాలు, మందులు, నీటిని శుద్ధిచేయు యంత్రము మూటగట్టి సిద్ధముగా నుండవలెను. "మా జిల్లా బృంద మేది? దానిని పరీక్షించిన దెవరు?" అని చదువరులు తమ శాసనసభ్యుల నడుగుదురు గాక! భూకంపము చెప్పి రాదు. తుపాను చెప్పి వచ్చినను మన సంసిద్ధతకొరకు ఆగదు.