గిరిజన విశ్వవిద్యాలయం: పండుగ ఒక్కరోజు, ఆసరా ఏడాదంతా

విజయనగరం: కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మన ప్రాంతానికి వచ్చి ఆరేళ్లు దాటింది. దీని గురించి ఊళ్లలో ఎప్పుడు మాట వచ్చినా స్థలం ఎక్కడ, భవనాలు ఎప్పటికి, ఉద్యోగాలు ఎవరికి అన్న చర్చే సాగుతున్నది. అవి అడగవలసిన ప్రశ్నలే. కాని వాటికంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి వెనుకబడిపోతున్నది. కొండల మీది గూడేల నుంచి, పొరుగు జిల్లాల నుంచి, ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ చేరే పిల్లలు చదువు మధ్యలో మానుకోకుండా పట్టా చేతబట్టుకుని వెళ్లేందుకు ఏమి కావాలి? ఆ ఆసరా ఎవరివ్వాలి?

ఈ విశ్వవిద్యాలయం ఊరికే వచ్చినది కాదు. 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టంలోని 13వ షెడ్యూలులో రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని రాసుకున్నారు. 2019లో పార్లమెంటు అందుకు చట్టం చేసింది. ఆ ఏడే విజయనగరం చేరువలోని కొండకరకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పాత ప్రాంగణంలో తరగతులు ఆరంభమైనాయి. సొంత ప్రాంగణానికి మొదట కొత్తవలస మండలం రెల్లిలో స్థలం చూశారు. తరువాత అది మెంటాడ, దత్తిరాజేరు మండలాల వైపు మారింది. అక్కడ ఐదు వందల ఎకరాలకు పైబడిన స్థలంలో 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. ఇది మనందరికీ తెలిసిన కథ. తెలియవలసినది తరగతి గది లోపలి కథ.

ఒక్క పేరు, పలు భాషలు

మైదానంలో ఉండే మనం గిరిజనులు అన్న ఒక్క మాటతో అందరినీ కలిపేస్తాము. అక్కడికి చదువుకు రాదగినవారు సవరలు, జాతాపులు, గదబలు, కొండదొరలు, కోదులు, బగతలు, వాల్మీకులు, కోయలు, కొండరెడ్లు. ఎవరి ఆచారం వారిది, ఎవరి పండుగ వారిది, చాలామందికి ఎవరి మాట వారిది. కేంద్ర విశ్వవిద్యాలయం కనుక దేశంలో ఏ రాష్ట్రం వారైనా, గిరిజనేతరులైనా చేరవచ్చు. ఒకే హాస్టలు గదిలో మూడు నాలుగు ఇంటి భాషలు వినిపించే అవకాశం ఉన్న చోటు ఇది.

సవర భాష తెలుగుకు చుట్టం కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. జార్ఖండ్, బెంగాలు ప్రాంతాల సంతాలీ భాషకు అది బంధువు. కువి, కొండ భాషలు తెలుగులాగే ద్రావిడ కుటుంబానివే అయినా తెలుగు వచ్చినంత మాత్రాన అవి అర్థం కావు. గదబల్లో ఒక శాఖ మాట ముండా భాష, మరొక శాఖ మాట ద్రావిడ భాష. అరకు, పాడేరు వైపు సంతల్లో పలు తెగలవారు ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటారు. ఇంతటి వైవిధ్యం ఉన్న పిల్లలందరినీ ఒక్క గాటన కట్టి, ఒకే పాఠం ఒకే తీరున చెబితే అందరికీ సమానంగా అందుతుందనుకోవడం పొరపాటు.

కేంద్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి దేశమంతటా ఉమ్మడి పరీక్ష పెట్టారు. ఆ పరీక్ష 13 భాషల్లో రాయవచ్చునన్నారు. తెలుగు ఉన్నది, ఒడియా ఉన్నది. సవర లేదు, కువి లేదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలున్నా, గిరిజన భాషల్లో సంతాలీ, బోడోలకు మాత్రమే 2003 నాటి సవరణతో చోటు దొరికింది. కొండ బిడ్డ చదువు గడప దాటేనాటికే తన ఇంటి మాటను బయట విడిచి రావలసి వస్తున్నదన్నమాట.

నోరు విప్పని మొదటి ఏడాది

కురుపాం వైపు ఒక సవర గూడెంలో పుట్టిన పిల్ల సంగతి ఆలోచించండి. ఇంట్లో సవర మాట. ఆశ్రమ పాఠశాలలో చేరినాక అక్షరాలతోపాటే తెలుగు కూడా కొత్తగా నేర్చుకోవాలి. తెలుగు ఒక దారికి వచ్చేసరికి విశ్వవిద్యాలయంలో పాఠం ఇంగ్లీషులో. అంటే మూడవ భాషలో ఆలోచించి, మూడవ భాషలో పరీక్ష రాయాలి. ఇంట్లో డిగ్రీ చదివినవారు లేరు. అర్థం కాలేదని లేచి అడగడానికి భయం. అడగని పిల్లను పాఠం చెప్పేవారు మొద్దు అనుకునే ప్రమాదం ఉన్నది. మొదటి సెమిస్టరులో ఒకటి రెండు పేపర్లు పోతాయి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే మెస్సు బాకీ పడుతుంది. పండుగకు ఇంటికి వెళ్లిన పిల్ల తిరిగి రాకపోతే, ఎందుకు రాలేదని ఆరా తీసేవారు ఉండాలి.

ఇక్కడ ఒక పోలిక గమనించదగినది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి విదేశాల నుంచి కూడా విద్యార్థులు వస్తుంటారు. వారి వ్యవహారాలు చూసేందుకు అక్కడ ప్రత్యేక విభాగం ఉన్నది. పరాయి దేశం నుంచి వచ్చినవారికి మన భాష, మన తిండి, మన పద్ధతులు కొత్తవని అందరూ ఒప్పుకుంటారు కనుకనే ఆ ఏర్పాటు జరిగింది. ఒక పూట బస్సు ప్రయాణం చేసి కొండ దిగిన పిల్ల విషయంలో ఆ ఆలోచన రాదు. మన జిల్లాల పిల్లే కదా, అన్నీ తెలిసే ఉంటాయిలే అనుకుంటాము. నిజానికి ఆ పిల్ల దాటిన దూరం కిలోమీటర్లలో తక్కువైనా తక్కిన అన్నింటిలోనూ ఎక్కువే.

ఇది మన ఒక్కచోటి సమస్య కాదు. అంతకుముందు ఐదేళ్లలో దేశంలోని కేంద్ర విశ్వవిద్యాలయాల నుంచి 2,622 మంది గిరిజన విద్యార్థులు చదువు మధ్యలో వెళ్లిపోయారని 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు తెలిపింది. విద్యార్థులకు ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు, ఒక కోర్సు నుంచి మరొక కోర్సుకు మారే అవకాశాలున్నాయని సర్కారు వివరణ. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కాని వేరేచోట చేరినవారు ఎందరు, పుస్తకం మూసి పోడు పనికి వెళ్లినవారు ఎందరు అన్నది విడదీసి చెప్పినప్పుడే ఆ లెక్కకు అర్థం ఉంటుంది.

థింసా ఎవరి కోసం?

గిరిజన విద్యార్థులకు ఏమి చేస్తున్నారని ఎక్కడ అడిగినా ముందుగా వచ్చే జవాబు సాంస్కృతిక కార్యక్రమాలు. ఆగస్టు 9న ఆదివాసీ దినం, నవంబరు 15న బిర్సా ముండా జయంతి, ఫిబ్రవరి 21న మాతృభాషా దినం, మధ్యలో ఎవరైనా పెద్దలు వస్తే వేదిక మీద థింసా. ఇటువంటి కార్యక్రమాల వల్ల మేలు లేదనలేము. తరగతిలో నోరు విప్పని పిల్ల తోటివారి నడుం పట్టుకుని వరుసలో అడుగు వేసినప్పుడు బెరుకు పోతుంది. ఇతర రాష్ట్రం నుంచి వచ్చిన విద్యార్థి ఆ వరుసలో చేరితే స్నేహం కుదురుతుంది. కంది కొత్తల పండుగ, ఇటికల పండుగ హాస్టలులో చేసుకోనిస్తే ఇంటి మీద బెంగ కొంత తగ్గుతుంది.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, థింసా అన్ని తెగలదీ కాదు. అరకు, పాడేరు ప్రాంతాలలో ప్రసిద్ధమైన ఆ ఆటను అందరి నెత్తిన పెట్టి, ఒకే రంగు చీరలు కట్టించి నిలబెడితే సవర పిల్లకు తన ఆట, తన పాట మరుగైనట్లే. రెండవది, అతిథి వచ్చినప్పుడల్లా పాఠాలు మానిపించి ఆడిస్తే అది అతిథి కాలక్షేపమవుతుంది గాని విద్యార్థికి ఆసరా కాదు. వేదిక దిగిన మర్నాడు ఆ పిల్ల ఇంగ్లీషు పాఠం ముందు మళ్లీ ఒంటరిగానే కూర్చుంటుంది.

సంస్కృతిని చదువులోకే తెచ్చే దారి ఉన్నది. ఆ దారి వేసినవారు మన ప్రాంతం వారే. గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి అయిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు. సవరలో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టించి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర నిఘంటువు 1938లో వెలువడినాయి. పర్లాకిమిడి తరువాత ఒడిశాలో కలిసిపోయింది గాని ఆ కృషి మనందరిదీను. విశ్వవిద్యాలయం అన్న పేరు లేకుండానే ఒక మాస్టారు చేసిన పనిని, పార్లమెంటు చట్టంతో పుట్టిన సంస్థ ముందుకు తీసుకుపోవడం కష్టమేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు వాచకాలు తయారుచేసి బోధన ఆరంభించిన అనుభవం కూడా మనకున్నది.

చేయవలసిన పనులు

మొదటి సెమిస్టరుకు ముందు కొన్ని వారాలపాటు ఇంగ్లీషు, లెక్కలు, నోట్సు రాసుకునే పద్ధతి నేర్పే సన్నాహక తరగతులు అందరికీ ఉండాలి. చేరిన ప్రతి విద్యార్థికీ అదే భాష మాట్లాడే పై తరగతి విద్యార్థిని తోడుగా నియమించి, ఆ పనికి కొద్దిపాటి భత్యం ఇవ్వాలి. కులధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ దరఖాస్తు వంటివి ఒకేచోట చూసిపెట్టే మనిషి కావాలి. స్కాలర్‌షిప్ ఆలస్యమైన నెలల్లో మెస్సు బాకీ పేరిట ఏ విద్యార్థికీ భోజనం ఆపరాదు. వారానికి ఒకటి రెండు పూటలు చోడి అంబలి, సామల అన్నం పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఆరోగ్యం సంగతి మరువరాదు. గిరిజన ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే సికిల్‌సెల్ రక్తహీనత నిర్మూలనకు 2023లో కేంద్రం జాతీయ కార్యక్రమం చేపట్టింది. ఆ జబ్బు ఉన్న పిల్లలకు నీరసం, కీళ్లనొప్పులు తరచు వస్తాయి. రక్త పరీక్ష చేయించకపోతే వార్డెను దృష్టిలో వారు సోమరులుగా మిగులుతారు.

పరీక్షల తేదీలు నిర్ణయించేటప్పుడు కొండల పనుల కాలాన్ని చూడాలి. పాడేరు వైపు కాఫీ పండ్లు కోసేది నవంబరు నుంచి జనవరి దాకా. సీతంపేట వైపు జీడిపిక్కలు ఏరేది వేసవిలో. సెమిస్టరు పరీక్షలు కూడా సుమారుగా ఆ రోజుల్లోనే వస్తాయి. ఇంటికి ఏడాది ఆదాయం వచ్చే వారాల్లో పిల్ల చేతిసాయం ఎంత అవసరమో తెలిసినవారు పరీక్షల పట్టిక కొంత సర్దగలరు.

ఇక భాష, కళలు. సవర, కువి, కొండ భాషలను ఐచ్ఛిక పాఠ్యాంశాలుగా పెట్టి మార్కులివ్వాలి. కథలు, మందు మొక్కల పేర్లు, విత్తనాల పేర్లు విద్యార్థులే తమ గూడెం పెద్దల దగ్గర సేకరించి రాసుకురావచ్చు. తమ విద్యలో ఆరితేరినవారిని, పట్టాలు లేకపోయినా, ఆచార్యులుగా పిలుచుకునే వీలు 2022లో యూజీసీ కల్పించింది. గోడ మీద వరిపిండితో బొమ్మ వేసే సవర అవ్వను తరగతికి పిలిచి గౌరవవేతనం ఇస్తే, ఆమె మనుమరాలు ఆ తరగతిలో తల ఎత్తుకుని కూర్చుంటుంది. మైదానం పిల్లలు, ఇతర రాష్ట్రాల పిల్లలు కూడా అక్కడ నేర్చుకునేవారే అవుతారు.

వివక్ష జరిగితే ఫిర్యాదు వినడానికి సమాన అవకాశాల విభాగం పెట్టాలని, అందుకు ఒక అధికారిని నియమించాలని యూజీసీ 2012లోనే నిబంధనలు చేసింది. అటువంటి విభాగం ఏ గదిలో ఉన్నదో, ఎవరిని కలుసుకోవాలో చేరిన మొదటి రోజే ప్రతి విద్యార్థికీ తెలుగులోను, వీలైతే వారి భాషలోను చెప్పాలి.

ఊళ్ల వంతు

విశ్వవిద్యాలయం చుట్టుపక్కల ఊళ్లవారి వంతు కూడా ఉన్నది. అద్దె గది ఇచ్చేటప్పుడు తెగ పేరు అడిగి ముఖం చిట్లించడం, యాస విని నవ్వడం, కొండోళ్లు అని ఎగతాళిగా పిలవడం చిన్న విషయాలుగా తోచవచ్చు. చదువు మానేద్దామా అని ఊగిసలాడే పిల్లకు ఆ చిన్న విషయమే చాలు. పైడితల్లమ్మ సిరిమానుకు, శంబర పోలమాంబ జాతరకు కొండవారు, మైదానంవారు కలిసి వస్తూనే ఉన్నారు. అమ్మవారి గుడి దగ్గర ఉన్న కలుపుగోలుతనం టీ దుకాణం దగ్గర, బస్సులోను ఉంటే చాలు.

పిల్లలను పంపే తల్లిదండ్రులు చేరిక రోజున మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి. హాస్టలు సీటు ఖాయమేనా, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఎవరిని కలవాలి, చదువులో వెనుకబడితే అదనపు పాఠాలు చెబుతారా? అడిగితే ఏమనుకుంటారో అని వెనుకాడనక్కరలేదు. ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది మీ పిల్లల పేరు మీదనే.

పాలకవర్గం వారు ఒక్క పని ఏటా తప్పక చేయాలి. ఏ తెగ నుంచి ఎందరు చేరారు, ఎందరు పూర్తిచేశారు, ఎందరు మధ్యలో వెళ్లారు, ఎందుకు వెళ్లారు అన్న లెక్క తెలుగులో అచ్చువేసి, మన్యంలోని గ్రామ సచివాలయాల గోడల మీద అంటించాలి. ఐదు వందల ఎకరాల్లో ఎన్ని అంతస్తులు లేచినా ఈ విశ్వవిద్యాలయం వల్ల కలిగిన మేలును జనం కొలుచుకోవలసింది ఆ కాగితంతోనే.