సగం మాటే ఆలూరు చేరితే?

2020 జూన్ 16. కొవిడ్ మొదలయ్యాక డాక్టర్లకు అందిన తొలి పెద్ద శుభవార్త ఆ రోజుదే. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో జరిగిన ‘రికవరీ’ పరీక్షల్లో డెక్సామెథాసోన్ ప్రాణాలు నిలబెడుతోందని తేలింది. అదేమీ కొత్త మందు కాదు. ఎలర్జీలకూ, వాపులకూ దశాబ్దాల నుంచి వాడుతున్న స్టెరాయిడే. మన ఆలూరు మందుల షాపులో కూడా దొరికేదే, అదీ చిల్లర డబ్బులకు! వెంటిలేటరు మీద ఉన్న రోగుల్లో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ పెట్టిన వాళ్లలో అయిదో వంతు తగ్గాయి.

ఆ ప్రకటనలోనే ఇంకో మాట కూడా ఉంది. ఆక్సిజన్ అవసరం లేని రోగులకు దీనివల్ల ఏ లాభమూ కనిపించలేదు.

మొదటి మాట ఊరూరా తిరిగింది. రెండోది దారిలో ఎక్కడో దిగిపోయింది.

దాని ఫలితం 2021 వేసవిలో చూశాం. జ్వరం వచ్చిన మొదటి రోజో, రెండో రోజో స్టెరాయిడ్ మొదలుపెట్టిన వాళ్లు ఎందరో. అలా వాడితే ఏమవుతుంది? మొదటి వారంలో వైరస్ ఒంట్లో పెరుగుతూ ఉంటుంది. దాన్ని ఎదిరించాల్సింది మన రోగనిరోధక వ్యవస్థ. స్టెరాయిడ్ దాన్నే జోకొట్టి పడుకోబెడుతుంది. దొంగ ఇంట్లో దూరిన వేళ కాపలా కుక్కను కట్టేసినట్టన్నమాట. రెండో వారంలో కథ వేరు. కొందరిలో ఆ రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఆక్సిజన్ పడిపోయే ఆ దశలో అదే స్టెరాయిడ్ ప్రాణదాత. మందు ఒకటే, మోతాదూ దాదాపు ఒకటే. తేడా అంతా ఏ రోజు ఇచ్చామన్న దాంట్లోనే ఉంది.

పైగా స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది. షుగరు అదుపులో లేని వాళ్లకు అది ఇంకా ప్రమాదం. 2021 మేలో బ్లాక్ ఫంగస్ విరుచుకుపడినప్పుడు నిపుణులు వేలెత్తి చూపిన కారణాల్లో ముఖ్యమైనవి ఈ రెండూ... షుగరు, స్టెరాయిడ్ల విచ్చలవిడి వాడకం. కళ్లు పోయినవాళ్లు, దవడ ఎముక తీయించుకున్నవాళ్లు, ప్రాణాలే పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఆ చికిత్సను మన రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీలో చేర్చింది. చేర్చడం మంచిదే. కానీ అంతకుముందే పల్లె డాక్టరు చేతికి ఆ రెండో మాట చేరి ఉంటే?

డాక్టర్లను తిట్టడం తేలిక. ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుని చూడండి. ఆలూరు లాంటి ఊళ్లో పొద్దున్నుంచీ ఓపీ. బయట వరండా నిండా జనం. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆటోల్లో వచ్చినవాళ్లు, బతుకుదెరువు కోసం బెంగళూరు వెళ్లి లాక్‌డౌన్‌లో తిరిగొచ్చినవాళ్లు. మధ్యాహ్నం అధికారుల వీడియో సమావేశం. సాయంత్రం పంపాల్సిన లెక్కలు. ఈ మధ్యలో ఆయన ఎప్పుడు చదవాలి? ఏం చదవాలి? కొవిడ్ మీద మొదటి ఏడాదిలోనే లక్షకు పైగా పరిశోధన వ్యాసాలు వచ్చాయి. వాటిలో కొంత భాగం తోటి శాస్త్రవేత్తలు సరిచూడకముందే జనంలోకి వచ్చినవి. రోజుకు పది చదివే ఓపికున్నా ఆయనకు పాతికేళ్లకు పైగా పడుతుంది.

ఆయనకు ముందే రోగి చదివేసి వస్తాడు, అది ఇంకో తంటా. ఫోను ముందుకు చాపి, “సారూ, మా బామ్మర్ది బెంగళూరు నుంచి పంపినాడు. ఈ మాత్రలే రాయండి” అంటాడు. “అది వద్దు పెద్దాయనా” అంటే మొహం చిన్నబోతుంది. ఈయనకు తెలీదేమోనని అనుమానం. ఎదురుగా ఇంకో షాపుంది, అక్కడ చీటీ లేకుండానే ఇస్తారు. చాలామంది డాక్టర్లు ఓడిపోయింది ఈ చోటే.

సరే, వాట్సాప్ పక్కన పెట్టి ప్రభుత్వ కాగితాలనే నమ్ముదామంటే అవైనా ఒక్క మాట చెప్పాయా? ఐవర్‌మెక్టిన్ సంగతే చూడండి. నులిపురుగులకూ, గజ్జికీ వాడే మందు ఇది. 2021 మేలో ఎయిమ్స్, ఐసీఎంఆర్ వాళ్ల చికిత్సా పత్రంలో స్వల్ప లక్షణాలున్న వాళ్లకు ‘ఇవ్వవచ్చు’ అని ఉంది. అదే నెలాఖరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఇచ్చిన పత్రంలో ఆ మందు ఊసే లేదు. రెండూ ఢిల్లీ నుంచి వచ్చినవే. రెండింటికీ అధికార ముద్ర ఉంది. మరి ఆలూరు డాక్టరు దేన్ని గోడకు అంటించుకోవాలి? మొదటి పత్రం నుంచి ఐవర్‌మెక్టిన్‌ను తీసేసింది ఆ ఏడాది సెప్టెంబరులో. ఆ మందును ఆకాశానికెత్తిన ఈజిప్టు అధ్యయనం లెక్కల్లో లొసుగులు బయటపడి జులైలోనే వెనక్కి పోయింది.

ప్లాస్మా కథా ఇంతే. ఫలితం లేదని కనుక్కున్నది మన ఐసీఎంఆరే. 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగుల మీద పరీక్షించి, ఆ సంగతి 2020 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చు వేసింది. జాతీయ మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తొలగించింది 2021 మే 17న. ఏడు నెలలు! ఆ మధ్యలో రెండో అల వచ్చింది. ప్లాస్మా దాత కోసం అర్ధరాత్రి ఫోన్లు చేసిన కుటుంబాలు ఈ పేజీ చదివే వాళ్లలోనే ఉండొచ్చు. ఇవ్వడం మొదలుపెట్టమన్న కబురు నడిచినంత వేగంగా ఆపేయమన్న కబురు నడవదు. ఎందుకంటే ఆపడంలో గొప్ప వార్త ఏమీ లేదు. ఆపేస్తే “ఏమీ చేయలేదు” అన్న నింద మాత్రం ఉంటుంది.

నిజానికి పెద్ద సంస్థలు కూడా మాట మార్చాయి. కొవిడ్ గాలి ద్వారా వ్యాపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 28న ట్విట్టర్‌లో గట్టిగా చెప్పింది. గాలిలో తేలే సన్నటి తుంపరల ద్వారా, ముఖ్యంగా గాలి ఆడని గదుల్లో, వ్యాపిస్తుందని తన సమాచార పేజీలో స్పష్టంగా రాసుకుంది 2021 ఏప్రిల్ నెలాఖరులో. పదమూడు నెలలు పట్టింది. ఈ లోపు మనమంతా కూరగాయలు కడుక్కున్నాం, పాల ప్యాకెట్లు కడుక్కున్నాం, తలుపు గడియలు తుడిచాం. కిటికీ తెరవమని మాత్రం ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఒకే గది, ఒకే కిటికీ ఉన్న క్లినిక్‌లో రోజంతా కూర్చునే డాక్టరుకు అది ప్రాణాలతో సమానమైన సమాచారం.

కర్నూలు ఈ సంగతి చాలా ముందే చవిచూసింది. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ కేసులు మన జిల్లాలోనే వచ్చాయి. రెండు రూపాయల డాక్టరుగా పేరు తెచ్చుకున్న కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ ఆ నెల 14న కన్నుమూశారు. వయసు 76. ఆయనకు కొవిడ్ ఉన్నట్టు చనిపోయాకే తేలింది. జిల్లా దాటి తెలంగాణ నుంచీ కర్ణాటక నుంచీ పేదలు వచ్చేవారు ఆయన దగ్గరికి. ఎంతిస్తే అంత తీసుకునేవారు.

నూరేళ్ల క్రితం పరిస్థితి దీనికి సరిగ్గా తలకిందులు. 1918లో ఇన్‌ఫ్లూయెంజా వచ్చినప్పుడు ఆలూరు మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లాలో ఉండేది. (కర్నూలు జిల్లాలోకి వచ్చింది 1953 అక్టోబరులో, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక. ఇప్పటికీ జబ్బు చేస్తే బళ్లారి బస్సెక్కే ఇళ్లున్నాయి, కర్నూలు కంటే అదే దగ్గర కదా.) దేశంలో కోటి మందికి పైగా పోయారు. అప్పటి డాక్టర్లకు చెప్పడానికి ఎవరి దగ్గరా సరుకే లేదు. ఆ జబ్బుకు వైరస్ కారణమని తేలింది 1933లో. అప్పటిదాకా ఒక బ్యాక్టీరియాను అనుమానిస్తూ కూర్చున్నారు. ఆనాడు తెలియక పోయారు. ఈనాడు తెలిసినది సమయానికి, సరిగ్గా అందక కొందరు పోయారు.

ఇంతకీ పల్లెల్లో జ్వరం మొదట ఎవరి దగ్గరికి వెళుతుంది? పీహెచ్‌సీకి కాదు, ఆర్‌ఎంపీ దగ్గరికి. రాత్రి పదింటికి తలుపు తడితే లేచేది ఆయనే, అప్పు పెట్టేదీ ఆయనే. చట్టం దృష్టిలో ఆయన డాక్టరు కాదు. కాబట్టి మార్గదర్శకాలు వెళ్లే చిరునామాల జాబితాలో ఆయన ఉండడు. కానీ సూదిమందు ఆయన చేతిలోనే ఉంటుంది, స్టెరాయిడ్ కూడా ఉంటుంది. ఆయన్ను లెక్కలోకి తీసుకోకపోతే లేనట్టే అనుకోవడం అధికారులకు సౌకర్యమే గానీ, జనానికి కాదు. ఆయనకు వైద్యం చేసే హక్కు ఇవ్వమని నేను అనడం లేదు. ‘ఆక్సిజన్ 94 కంటే తగ్గితే నీ దగ్గర ఉంచుకోకు, వెంటనే ఆసుపత్రికి పంపు. స్టెరాయిడ్ ముట్టుకోకు’ అన్న రెండు ముక్కలు ఆయన చెవిన వేయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు కదా!

దారులు లేవా అంటే ఉన్నాయి. ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది పెద్దాసుపత్రి డాక్టరుతో వీడియోలో మాట్లాడే ఈ-సంజీవని 2019 నవంబరులోనే మొదలైంది. దేశంలో దాన్ని అందరికంటే ముందు అందుకున్నది ఆంధ్రప్రదేశే. 2020 జులై నుంచి ఢిల్లీ ఎయిమ్స్ నిపుణులు వివిధ రాష్ట్రాల ఆసుపత్రుల ఐసీయూ డాక్టర్లతో వీడియోలో కేసులు చర్చించారు. “ఈ రోగికి ఇప్పుడు ఏం చేయాలి?” అని అడిగి జవాబు తెచ్చుకోవడం ఒక ఎత్తు. ముప్ఫై పేజీల పీడీఎఫ్ ఫోనులో పడటం ఇంకో ఎత్తు. మొదటిదే ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం. చిన్న ఆసుపత్రి డాక్టరుకు కావాల్సింది గ్రంథాలయం కాదు, ఫోనెత్తే ఒక సీనియర్.

ఫోనుతో పాటు ఒక్క పేజీ కాగితం కూడా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సెప్టెంబరులో స్టెరాయిడ్ల మీద ఒక మార్గదర్శకం తెచ్చింది. కొత్త సాక్ష్యం దొరికినప్పుడల్లా దాన్ని తిరగరాస్తూ పోయే పద్ధతి అది. తీవ్రంగా ఉన్నవాళ్లకు ఇవ్వండి, తీవ్రం కాని వాళ్లకు వద్దు... రెండు మాటలూ పక్కపక్కనే, సమానంగా ఉన్నాయి. మనకూ అలాంటిది తెలుగులో కావాలి. పైన తేదీ, ఇది ఎన్నోసారి మార్చిన ప్రతి అన్న సంఖ్య. కింద ఒక పెట్టె కట్టి, ‘పోయిన నెల చెప్పి ఈ నెల ఆపేయమంటున్నవి’ అని పెద్ద అక్షరాల్లో. ఏఎన్‌ఎంకు ఒకటి, మందుల షాపు గోడకు ఒకటి, ఆర్‌ఎంపీకి ఒకటి. తేదీ లేని వైద్య సలహా ఎంత గొప్ప ఆసుపత్రి పేరుతో వచ్చినా అది చెల్లని నోటే.

ఈ పని డాక్టర్లదీ ప్రభుత్వానిదీనూ. మరి మనం? డాక్టరు మందు మారిస్తే, “పోయినసారి అది ఇచ్చారు, ఇప్పుడు ఇది రాశారేం?” అని అడగండి. అడగడం తప్పు కాదు. ఆయన “అప్పట్లో అలా అనుకున్నాం, ఇప్పుడు తేలింది ఇది” అంటే మాత్రం అనుమానంగా చూడకండి. మాట మార్చిన డాక్టరు కొత్త సంగతి చదివిన డాక్టరు కావచ్చు.

ఇంకో చిన్న పని. ఇవాళ ఆదివారమే కదా, అలమరలో మందుల డబ్బా ఒకసారి కిందికి దించండి. కొవిడ్ రోజుల్లో కొన్న ఐవర్‌మెక్టిన్, డెక్సామెథాసోన్, మిథైల్ ప్రెడ్నిసొలోన్ మాత్రలు అరపట్టీ, పావుపట్టీ మిగిలే ఉంటాయి చాలా ఇళ్లల్లో. వాటి గడువు ఈపాటికి దాటిపోయి ఉంటుంది. దాటకపోయినా సరే, ఆనాటి చీటీ చూసి ఈనాటి జ్వరానికి వేసుకోకండి, పక్కింటి వాళ్లకు సాయంగా ఇవ్వకండి. ఇంట్లో ఎవరైనా కీళ్లవాతానికో, ఉబ్బసానికో డాక్టరు చెప్పి స్టెరాయిడ్ వాడుతుంటే ఆ పట్టీ జోలికి మాత్రం పోవద్దు. ఎక్కువ కాలం వాడుతున్న స్టెరాయిడ్‌ను ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని తగ్గించాలన్నా, మానాలన్నా ఆ డాక్టరే చెప్పాలి.