బరువు మోసేది స్క్రూ కాదు, కర్ర

ఈసారి వంటింట్లోంచి గ్యారేజీలోకి వెళ్దాం రండి.

మా అమ్మాయికి చేపలంటే ప్రాణం. ఊరు మారుతున్న పక్కింటివాళ్లు తమ 75 గ్యాలన్ల గాజు అక్వేరియాన్ని మాకిచ్చేశారు. స్టాండు మాత్రం లేదు. కొందామని వెతికితే గట్టివి ఖరీదు, చవకవేమో రంపంపొట్టు అదిమి చేసిన బోర్డువి. ఆ బోర్డుకు నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది. చేపల తొట్టి దగ్గర నీళ్లు ఒలక్కుండా ఉంటాయా? నేనే చేస్తానన్నాను. అమ్మ ఫోన్లో, "వడ్రంగిని పిలిపించుకోక నీకెందుకే ఆ పని?" అంది. ఇక్కడ వడ్రంగి గంటకు ఎంత అడుగుతాడో చెప్పాక ఇంకేం మాట్లాడలేదు.

ముందు బరువు లెక్క చూద్దాం. గ్యాలన్ నీళ్లు సుమారు 8.3 పౌండ్లు. 75 గ్యాలన్లంటే 620 పౌండ్ల పైమాటే. గాజు, అడుగున పోసే గులకరాళ్లు కలిపితే దాదాపు 850 పౌండ్లు. మనం ఇండియన్ స్టోర్లో కొనే 20 పౌండ్ల బియ్యం సంచులు 42, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న చోట పేర్చినట్టు. మా రెండేళ్ల బాబు ఆడుకునేది ఆ పక్కనే. అందుకే 'ఏదో నిలబడుతుందిలే' అంటే కుదరదు.

మావారు "స్క్రూలు నాలుగు ఎక్కువ వేస్తే సరి" అన్నారు. అసలు విషయం ఇక్కడే ఉంది. మన పల్లెల్లో పాత తాటాకిళ్లు గుర్తు తెచ్చుకోండి. దూలాన్ని నిట్టాడి పక్కన మేకులతో కొట్టరు, నిట్టాడి నెత్తిన కూర్చోబెడతారు. బరువు కర్ర మీంచి కర్ర మీదికి, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది. స్టాండుకీ అదే సూత్రం. స్క్రూల పని ముక్కల్ని కదలకుండా పట్టుకోవడమే.

నేను వాడింది ఇక్కడ ఇళ్లు కట్టే టూ బై ఫోర్ కర్ర. పేరు అలా ఉన్నా అసలు కొలత ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలు. ఈ సంగతి తెలియకపోతే కొలతలన్నీ తప్పుతాయి. కొనేటప్పుడు ప్రతి కర్రనూ ఒక కొస నుంచి కంటికి ఆనించి చూసి, వంకర లేనివే ఏరుకోండి.

కింద ఒక చట్రం, పైన ఒక చట్రం. ఒక్కోదానికి 48½ అంగుళాల ముక్కలు రెండు, వాటి మధ్య అడ్డంగా 15½ అంగుళాలవి మూడు. రెండు చట్రాల మధ్య 23 అంగుళాల కాళ్లు ఆరు: మూలలకు నాలుగు, ముందూ వెనకా మధ్యలో ఒక్కోటి. మొత్తం ఎత్తు 30 అంగుళాలు. కాలు పై చట్రానికి సరిగ్గా కింద రావాలి. ఆరూ ఒకే పొడవుండాలి, ఒక్కటి పొట్టిదైతే దాని వాటా మిగతావి మోస్తాయి. ప్రతి కాలికీ లోపలివైపు ఇంకో ముక్క ఆనించి, రెండు చట్రాలకూ కలిపి జిగురు, స్క్రూలు వేశాను. స్క్రూకి ముందు సన్న బెజ్జం వేస్తే కర్ర చీలదు. వెనకా, రెండు పక్కలా ప్లైవుడ్ కొట్టాను. స్టాండు అటూ ఇటూ ఊగకుండా ఆపేది అదే. చివర్న నీళ్లకు తట్టుకునే పాలిష్ రెండు పూతలు.

పొడవాటి ముక్కలు చాలా స్టోర్లలో కోసి ఇస్తారు. కాళ్లు మాత్రం నేనే కోశాను, ఆ కొలత తేడా రాకూడదు కాబట్టి. రంపం కొనక్కర్లేదు, అద్దెకు దొరుకుతుంది. కొన్ని ఊళ్లలో లైబ్రరీలే పనిముట్లు అరువిస్తాయి. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పబ్లిక్ లైబ్రరీ 1979 నుంచీ ఇస్తోంది. గాజులు తీసి, జుట్టు ముడేసి, చున్నీ పక్కన పెట్టి, కళ్లకు అద్దాలు పెట్టుకున్నాకే రంపం ముట్టుకోండి.

ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. చెక్క నేల ఉన్న ఇళ్లలో కింది దూలాలు ఎటు పోతున్నాయో చూసి, వాటికి అడ్డంగా, బయటి గోడ పక్కన పెట్టండి. బరువు ఎక్కువ దూలాలు పంచుకుంటాయి. మేడ మీది అపార్ట్‌మెంటైతే ముందు యజమానిని అడగండి.

నీళ్లు ఒక్కసారే నింపొద్దు. సగం పోసి మట్టం చూడండి. ఏ మూలైనా వాలితే నీళ్లు తీసేసి, స్టాండు కింద బద్దలు పెట్టి సరిచేయండి. గాజు కింద మాత్రం ఎప్పుడూ పెట్టకండి, పగులుతుంది.

కాళ్లన్నీ కొలిచింది మా అమ్మాయే. ఇప్పుడు ఎవరింటికెళ్లినా వంగి బల్ల కాళ్లు చూస్తోంది, పైచెక్క కాలి మీద కూర్చుందా, స్క్రూకి వేలాడుతోందా అని. మీరూ మీ చేత్తో చేసినవేమైనా ఉంటే కొలతలతో సహా రాసి పంపండి. వచ్చే నెల వాటి గురించే చెప్పుకుందాం.